సీటు ఎవరిస్తారు? ఫీజు ఎవరు కట్టిస్తారు?
ఉన్నత విద్యా మండలి పనేమిటి... పల్లె పిల్లల చదువుతో దానికి సంబంధమేమిటి

ఒంగోలు: ఇంటర్మీడియేట్ ఫలితాలు రాగానే మన జిల్లా పల్లెల్లో ఒక కొత్త తిరుగుడు మొదలవుతుంది. పొగాకు బేళ్ళు అమ్మగా వచ్చిన డబ్బులో ఇంత, మిరప మీద వచ్చినదాంట్లో ఇంత పక్కన పెట్టుకున్న రైతు, కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని కాలేజీల చుట్టూ తిరుగుతాడు. ఒకరు కౌన్సెలింగు అంటారు. ఒకరు కన్వీనరు కోటా అంటారు. ఇంకొకరు "ముందు కొంత అడ్వాన్సు కట్టండి, సీటు అట్టిపెడతాం" అంటారు. ఎవరి మాట వినాలో, ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలియక చాలామంది మధ్యవర్తి చేతికి చిక్కుతారు.

ఈ గందరగోళంలో తరచు వినిపించే పేరు ఉన్నత విద్యా మండలి. ప్రవేశ పరీక్ష తేదీ మండలి ప్రకటించిందంటారు. కౌన్సెలింగు వాయిదాపడితే మండలి వాయిదా వేసిందంటారు. ఫీజు పెరిగినా, స్కాలర్‌షిప్పు రాకపోయినా మండలినే తిట్టుకునేవారు ఉన్నారు. ఇందులో కొంత నిజం, కొంత అపోహ. మండలి చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ఒక చట్టం కొట్టుడుపోయిన కథ

ఈ మండలి పుట్టుక వెనుక ఒక కోర్టు కథ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడ్డాయి. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, 1976లో కాకతీయ, నాగార్జున, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చాయి. ఎవరి పాఠ్యప్రణాళిక వారిది, ఎవరి పరీక్షల తేదీలు వారివి. ఒకచోట ఫలితాలు వచ్చేసరికి మరోచోట ప్రవేశాల గడువు ముగిసిపోయేది.

మరోపక్క ప్రైవేటు కాలేజీలు పెరిగాయి. సీటుకు ఇంత అని డబ్బు గుంజడం, అంటే కేపిటేషన్ ఫీజు, పెద్ద సమస్య అయింది. దీన్ని నిషేధిస్తూ 1983లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. సీట్లు మార్కులను బట్టి గానీ, ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి గానీ ఇవ్వాలన్న సూత్రానికి పునాది ఆ చట్టమే.

విశ్వవిద్యాలయాలన్నిటినీ ఒక గొడుగు కిందకు తేవాలని 1986లో అప్పటి ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉన్నత విద్యా కమిషనరేట్ చట్టం చేసింది. ఉస్మానియా అధ్యాపకుల సంఘం దాన్ని సవాలు చేసింది. వివాదం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. ఉన్నత విద్యలో ప్రమాణాల నిర్ణయం, సమన్వయం అన్నవి రాజ్యాంగం ప్రకారం కేంద్రం జాబితాలోని అంశమనీ, అందుకోసం పార్లమెంటు 1956లోనే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చట్టం చేసిందనీ, రాష్ట్రం అదే పనిని తన చేతుల్లోకి తీసుకుని విశ్వవిద్యాలయాలను నామమాత్రం చేయడం కుదరదనీ సుప్రీంకోర్టు 1987 ఆగస్టులో తీర్పు చెప్పింది. చట్టం కొట్టుడుపోయింది.

ఇంతలో 1986 జాతీయ విద్యా విధానం, రాష్ట్రాల్లో ఉన్నత విద్యకు ప్రణాళిక వేసి సమన్వయం చేసే మండళ్ళు ఉండాలని చెప్పింది. కోర్టు చూపిన హద్దును గుర్తుంచుకుని, యు.జి.సి. మార్గదర్శకాలకు లోబడి పనిచేసే విధంగా 1988లో కొత్త చట్టం తెచ్చారు. అదే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి చట్టం. దేశంలో ఇటువంటి మండలి ఏర్పడడం అదే మొదలు. తరువాత తమిళనాడు, పశ్చిమ బెంగాల్, కేరళ మొదలైన రాష్ట్రాలు కూడా తమ తమ మండళ్ళు పెట్టుకున్నాయి.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మండలికి ఎంత అధికారం ఉందో దీనివల్లనే తెలుస్తుంది. అది విశ్వవిద్యాలయాల మీద పెత్తందారు కాదు. ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయాలకు, యు.జి.సి.కి నడుమ నిలిచిన సమన్వయకర్త.

చట్టం అప్పగించిన పనులు

మండలికి ఒక అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, ఒక కార్యదర్శి ఉంటారు. సాధారణంగా వీరు విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన ఆచార్యులు. చట్టం మండలికి అప్పగించిన పనులను స్థూలంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది ప్రణాళిక. రాబోయే ఏళ్ళలో రాష్ట్రంలో ఏ ప్రాంతానికి ఏ చదువు కావాలి, ఎక్కడ కొత్త కాలేజీ అవసరం, ఎక్కడ ఉన్నవే నిండడంలేదు అన్నది లెక్కగట్టాలి. కొత్త కాలేజీలు పెట్టడానికి సూత్రాలు రూపొందించాలి. విశ్వవిద్యాలయాల అభివృద్ధి పథకాలను యు.జి.సి.కి పంపి, అవి అమలవుతున్న తీరు చూడాలి.

రెండవది విద్యా సంబంధమైన పని. పాఠ్యప్రణాళికను కాలానికి తగినట్టు మార్పించడం, పరీక్షల పద్ధతిని సంస్కరించడం, అధ్యాపకులకు శిక్షణ ఏర్పాటు చేయడం, ప్రవేశ పరీక్షలు జరిపించడం ఇందులోకి వస్తాయి. డిగ్రీ చదివే పిల్లవాడికి మండలి నిర్ణయం నేరుగా తగిలేది ఇక్కడే. 2020-21లో డిగ్రీ చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. 2021 జూన్‌లో డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియానికి మారాలన్న నిర్ణయం వెలువడింది. 2023-24లో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. పదవ తరగతి వరకూ తెలుగులో చదివిన పల్లె పిల్లవాడికి ఇవి చిన్న మార్పులు కావు.

మూడవది సలహా. విశ్వవిద్యాలయాలకు ఏటా ఇచ్చే బ్లాకు గ్రాంటు ఎంత ఉండాలి, ఏ నిబంధన మార్చాలి వంటి విషయాల్లో ప్రభుత్వానికి సలహా చెప్పడం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చెప్పే నోరు మండలిది, ఇచ్చే చెయ్యి ప్రభుత్వానిది. అధ్యాపకుల ఖాళీలు భర్తీకాని చోట పాఠ్యప్రణాళిక ఎంత బాగున్నా పాఠం చెప్పేవారుండరు. ఆ ఖాళీలు నింపించే అధికారం మండలికి లేదు.

ఎవరి సంతకం ఎవరిది?

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాలేజీ గేటు మీద "ప్రభుత్వ గుర్తింపు పొందినది" అని రాసి ఉంటే చాలనుకుంటారు. నిజానికి ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంస్థ ఉంది.

ఇంజనీరింగు వంటి సాంకేతిక కోర్సు నడపడానికి అనుమతి ఇచ్చేది 1987 చట్టం ప్రకారం ఏర్పడిన అఖిల భారత సాంకేతిక విద్యా మండలి. బి.ఇడి. కాలేజీకి గుర్తింపు ఇచ్చేది 1993 చట్టం కింద వచ్చిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. వైద్య కళాశాలల సంగతి 2020 నుంచి జాతీయ వైద్య కమిషన్ చూస్తోంది. న్యాయ కళాశాలలకు బార్ కౌన్సిల్ ఆమోదం కావాలి.

కాలేజీని అనుబంధంగా చేర్చుకుని, పరీక్ష పెట్టి, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. మన జిల్లా డిగ్రీ కాలేజీలు చాలాకాలం నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. తరువాత ఒంగోలులోనే ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. జిల్లాలోని ఇంజనీరింగు కాలేజీలకు సంబంధించినది కాకినాడ జె.ఎన్.టి.యు.

ఫీజు నిర్ణయం మండలిది కాదు. ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు విడుదల చేసేదీ మండలి కాదు, అది ప్రభుత్వ సంక్షేమ శాఖల పని. ఇంటర్మీడియేట్ చదువు ఇంటర్ బోర్డు పరిధిలోది. పదవ తరగతి మార్కుల మీద పిల్లల్ని తీసుకునే ట్రిపుల్ ఐటీలు 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానివి. ఆ ప్రవేశాలు ఆ విశ్వవిద్యాలయమే జరుపుకుంటుంది.

కనుక కాలేజీలో చేర్చేముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సుకు అనుమతి ఇచ్చిన సంస్థ ఏది? అనుబంధం ఏ విశ్వవిద్యాలయానికి? ఆ అనుమతి ఈ ఏడాదికి ఉందా? మూడింటికీ కాగితం చూపించమనాలి. చూపించడానికి నసిగే చోట చేర్చకపోవడమే క్షేమం. పట్టా ఇచ్చే హక్కు 1956 చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకే ఉంది. బోర్డు మీద విశ్వవిద్యాలయమని రాసుకున్న బూటకపు సంస్థల జాబితాను యు.జి.సి. ఎప్పటికప్పుడు ప్రకటిస్తూ ఉంటుంది. అటువంటి చోట మూడేళ్ళు చదివి తెచ్చిన కాగితం ఉద్యోగానికి పనికిరాదు, పై చదువుకూ పనికిరాదు.

ప్రవేశ పరీక్ష ఎలా జరుగుతుంది?

ఇంజనీరింగు, వ్యవసాయం, ఫార్మసీలకు ఒకటి, ఎం.బి.ఎ., ఎం.సి.ఎ.లకు ఐసెట్, న్యాయ విద్యకు లాసెట్, బి.ఇడి.కి ఎడ్‌సెట్, పాలిటెక్నిక్ పూర్తిచేసినవారు ఇంజనీరింగు రెండవ ఏట చేరడానికి ఈసెట్... ఇలా మండలి తరఫున అనేక పరీక్షలు జరుగుతాయి. మండలి ఒక్కొక్క పరీక్షను ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి అప్పగిస్తుంది. ఆ విశ్వవిద్యాలయం నుంచి ఒక ఆచార్యుడిని కన్వీనరుగా నియమిస్తుంది. ప్రశ్నపత్రం, హాల్‌టికెట్టు, ఫలితాలు ఆ కన్వీనరు బాధ్యత.

అందరికీ తెలిసిన ఎంసెట్‌లో వైద్యం భాగం 'నీట్' పరీక్షకు పోవడంతో 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఈఏపీసెట్ అయింది. తెలంగాణలో ఈ పేరు మార్పు 2024లో జరిగింది. కరోనా ఏళ్ళలో పక్కన పెట్టిన ఇంటర్ మార్కుల వెయిటేజీని ఆంధ్రప్రదేశ్‌లో 2023లో తిరిగి తెచ్చారు. పరీక్షకు 75 పాళ్ళు, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 పాళ్ళు కలిపి ర్యాంకు ఇచ్చారు. తెలంగాణలో అదే ఏడు వెయిటేజీ తీసివేశారు. అందువల్ల "ప్రవేశ పరీక్ష ఉందిగా, ఇంటర్ ఎలా పాసయితేనేం" అనే పిల్లలు తమ రాష్ట్రం నిబంధన చూసుకుని మరీ ఆ మాట అనాలి.

పరీక్ష వేరు, సీటు కేటాయింపు వేరు. ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగు సాంకేతిక విద్యా శాఖ చూస్తుంది. డిగ్రీ సీట్లు ఒకప్పుడు ఎక్కడికక్కడ కాలేజీలోనే దొరికేవి. తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, మండలి ఆధ్వర్యంలో ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. సిఫారసుకు చోటు తగ్గింది, నిజమే. కాని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి దారి చెప్పేవారు లేని పల్లె పిల్లవాడికి ఇది కొత్త కష్టం తెచ్చింది.

ఆప్షన్లు పెట్టడం నాట్లు వేసినంత జాగ్రత్తగా చేయాలి. మొదట ఇష్టమైన కాలేజీ, తరువాత దానికంటే తక్కువ ఇష్టమైనది, ఇలా వరుసగా రాసుకుని, ఇంట్లో కాగితం మీద సరిచూసుకుని అప్పుడు ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాలి. నాలుగైదు కాలేజీలే పెట్టి ఊరుకుంటే సీటు దక్కని ప్రమాదం ఉంది. చివరకు పాస్‌వర్డు ఇతరుల చేతిలో పెట్టకూడదు. ఆప్షన్లు తారుమారయ్యాయని తరువాత మొత్తుకుని లాభంలేదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు

స్థానికత విషయంలో మన జిల్లావారు మరింత మెలకువగా ఉండాలి. ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసినది. 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వచ్చింది. పొరుగున ఉన్న నెల్లూరు, కర్నూలు, కడప జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వెళ్ళాయి. అంటే జిల్లా పొలిమేర దాటితే ప్రాంతమే మారుతుంది. ఆ ఉత్తర్వు ప్రకారం నూటికి 85 సీట్లు స్థానికులవి. తక్కిన 15 సీట్లకు అందరూ పోటీపడవచ్చు.

స్థానికుడు ఎవరు? సొంత ఊరు ఎక్కడ, రేషన్ కార్డు ఎక్కడ, పొలం ఎక్కడ అని చూడరు. పిల్లవాడు ఎక్కడ చదివాడో చూస్తారు. ఇంటర్ రెండవ సంవత్సరంతో ముగిసే వరుస 4 ఏళ్ళు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడి స్థానికుడు. ఆ 4 ఏళ్ళు రెండు ప్రాంతాల్లో పడితే వెనక్కి వెళ్ళి 7 ఏళ్ళు లెక్కిస్తారు. ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడు.

లెక్క వేసి చూద్దాం. గిద్దలూరు ప్రాంతం కుర్రవాడు 6 నుంచి 10 వరకు సొంత ఊళ్ళో చదివి, ఇంటర్ రెండేళ్ళు నంద్యాలలో చదివాడనుకుందాం. చివరి 4 ఏళ్ళలో రెండు ఇక్కడ, రెండు అక్కడ. కనుక 7 ఏళ్ళు చూడాలి. 5 ఏళ్ళు పాత ప్రకాశం జిల్లాలో, 2 పాత కర్నూలు జిల్లాలో. అతను ఆంధ్ర ప్రాంతం స్థానికుడే. ఒంగోలు, గుంటూరు కాలేజీల్లో 85 శాతం సీట్లకు అర్హుడు.

ఇప్పుడు జిల్లా దక్షిణపు అంచున ఉన్న ఒక ఊరి అమ్మాయిని తీసుకుందాం. 6, 7 తరగతులు ఊళ్ళో చదివింది. 8వ తరగతిలో నెల్లూరు హాస్టలులో చేర్చారు. ఇంటర్ కూడా అక్కడే. చివరి 4 ఏళ్ళూ నెల్లూరులోనే గడిచాయి కనుక ఆమె శ్రీ వేంకటేశ్వర ప్రాంతం స్థానికురాలు అవుతుంది. తన ఇంటికి దగ్గరలో ఉన్న ఒంగోలు కాలేజీలో ఆమె స్థానికేతర. 15 శాతంలో పోటీపడాలి. చదువు తగ్గిందీ లేదు, తప్పు చేసిందీ లేదు. హాస్టలు మార్చిన ఏడు ఈ లెక్క చెప్పినవారు లేరు, అంతే.

పనులకోసం హైదరాబాదు వలసవెళ్ళిన పడమటి మండలాల కుటుంబాల సంగతి మరీ చిక్కు. రాష్ట్ర విభజన చట్టం 95వ సెక్షను, ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న ప్రవేశాల కోటాను 10 ఏళ్ళు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. కనుక అక్కడ కొన్నేళ్ళు, ఇక్కడ కొన్నేళ్ళు చదివించినవారు పాత మాటలు నమ్ముకోకుండా, దరఖాస్తు పెట్టే ఏటి నోటిఫికేషను చదివించుకుని నిర్ణయానికి రావాలి. 2022లో జిల్లాల గీతలు మారిన ఊళ్ళవారు కూడా తమ పాత జిల్లా ఏ ప్రాంతం కిందకు వస్తుందో అందులోనే సరిచూసుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. పిల్లవాడు కూర్చుని చదివేది ఒక ఊళ్ళో, రికార్డుల్లో పేరు ఉండేది మరో ఊరి కాలేజీలో అయితే, రేపు స్టడీ సర్టిఫికెట్టు ఏ కాలేజీ ఇస్తుందో దాని ప్రకారమే లెక్క. చేర్చేనాడే "మా పిల్లవాడి పేరు ఏ కాలేజీ రిజిస్టరులో ఉంటుంది?" అని అడిగి తెలుసుకోవాలి. ప్రతి స్కూలు మారినప్పుడూ స్టడీ సర్టిఫికెట్టు తీసుకుని భద్రం చేసుకోవాలి. మధ్యలో చదువు మాని ప్రైవేటుగా పరీక్ష రాసినవారికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి.

ఫీజు మాట

ఫీజుల వ్యవహారం కోర్టుల్లో నలిగి నలిగి ఈ రూపానికి వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అన్న పద్ధతి పెట్టింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని కాదంది. అయితే లాభాపేక్ష, కేపిటేషన్ ఫీజు కూడదని చెప్పింది. ప్రతి రాష్ట్రంలో విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఫీజుల కమిటీ ఉండాలని 2003లో మరో తీర్పు వచ్చింది. అప్పటినుంచి ఫీజు నిర్ణయం అటువంటి కమిటీలకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన చట్టంతో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఏర్పడి ఆ పని చేపట్టింది.

కాలేజీ ఖర్చుల లెక్క చూసి ఫీజు ఇంత అని ఖరారు చేస్తారు. ఆ అంకె ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటుంది. దానికి మించి అడిగితే రసీదు అడగాలి. రసీదు ఇవ్వని డబ్బు కట్టకూడదు.

ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటా, 30 యాజమాన్య కోటా. యాజమాన్య కోటాలో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. "ముందు చేర్చండి, తరువాత స్కాలర్‌షిప్పు చూసుకుందాం" అన్న మాట నమ్మి పొలం తాకట్టు పెట్టినవారు తరువాత విచారించవలసి వస్తుంది. మిగిలిన సీట్లకు చివరలో జరిగే స్పాట్ ప్రవేశాల్లోనూ, ఈ సదుపాయం ఉందా లేదా అని కాగితం మీద తేల్చుకోకుండా చేరకూడదు.

సర్టిఫికెట్లు తనఖా పెట్టుకోరాదు

ఒక కాలేజీలో చేరాక మెరుగైన చోట సీటు వస్తే, "కోర్సు మొత్తం ఫీజు కడితేగాని సర్టిఫికెట్లు ఇవ్వం" అని కొన్ని యాజమాన్యాలు పట్టుబట్టడం కద్దు. ఇది నిబంధనలకు విరుద్ధం. ప్రవేశం సమయంలో అసలు సర్టిఫికెట్లు చూసుకుని, నకళ్ళు ఉంచుకుని, అసలువి వెంటనే తిరిగి ఇచ్చేయాలని 2018 అక్టోబరులో యు.జి.సి. ఉత్తర్వు ఇచ్చింది.

ఫీజు వాపసుకు కూడా ఆ ఉత్తర్వు లెక్క చెప్పింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేక అంతకంటే ముందే మానుకుంటే ఫీజు మొత్తం ఇవ్వాలి. ఖర్చుల కింద నూటికి 5కు మించి, అదీ 5,000 రూపాయలకు మించి కోయకూడదు. 15 రోజులకంటే తక్కువ వ్యవధి ఉండగా మానుకుంటే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల లోపు 80 శాతం, ఆ తరువాత 30 రోజుల లోపు 50 శాతం తిరిగి ఇవ్వాలి. 30 రోజులు దాటితే ఏమీ రాదు. డిపాజిటు మాత్రం ఎప్పుడు మానినా పూర్తిగా ఇచ్చేయాలి. అర్జీ ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు చేతికి రావాలి. తరువాతి కొన్ని ఏళ్ళకు దీనికంటే ఉదారమైన ఉత్తర్వులు కూడా వచ్చాయి.

నోటిమాటగా అడిగితే లాభంలేదు. అర్జీ రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం వేయించుకోవాలి. తీసుకోకపోతే రిజిస్టరు పోస్టులో పంపాలి. అప్పటికీ పని కాకపోతే అనుబంధ విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు, ప్రతి మండలి కార్యదర్శికి పంపాలి. ర్యాగింగు సంగతైతే ఇంత వ్యవధి కూడా అవసరంలేదు. 1997 నుంచీ మనకు దానిమీద చట్టం ఉంది. 1800-180-5522 నంబరుకు పిల్లవాడే ఉచితంగా ఫోను చేయవచ్చు.

రెండు రాష్ట్రాలు, రెండు మండళ్ళు

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణకు వేరే ఉన్నత విద్యా మండలి ఏర్పడింది. పాత మండలి హైదరాబాదులో ఉండేది. దాని నిధులు ఎవరివన్న తగాదా వచ్చి బ్యాంకు ఖాతాలు స్తంభించాయి. 2015లో హైకోర్టు తెలంగాణకు అనుకూలంగా చెప్పింది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టి, ఉమ్మడి ఆస్తులు ఒక్క రాష్ట్రానికే చెందవనీ, ఇద్దరూ పంచుకోవాలనీ చెప్పింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ మండలి మంగళగిరి దగ్గర పనిచేస్తోంది. మనవారు తెలియక తెలంగాణ పరీక్షకు కట్టవలసిన ఫీజు ఇక్కడా, ఇక్కడిది అక్కడా కట్టకుండా, దరఖాస్తు మీద రాష్ట్రం పేరు చూసుకోవాలి.

కావలసిందేమిటి?

36 ఏళ్ళు దాటిన ఈ మండలి ప్రవేశాల్లో ఒక పద్ధతి తెచ్చింది. ర్యాంకు ఉన్న కూలివాడి కొడుకుకు, ఎవరి సిఫారసూ లేకుండా, పేరున్న కాలేజీలో సీటు దొరికిందంటే అందులో దాని పాత్ర కాదనలేనిది. అయితే తప్పుపట్టవలసినవీ ఉన్నాయి. నోటిఫికేషన్లు, సూచనలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడతాయి. తేదీలు మాటిమాటికీ మారతాయి. మారిన తేదీ పట్నంవాడికి ఆ గంటలో తెలుస్తుంది, కొండ అంచు తండాకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. డిగ్రీ పద్ధతి మూడు నాలుగేళ్ళకొకసారి మారితే పాఠం చెప్పేవారికే అయోమయంగా ఉంటుంది, వినేవారి సంగతి చెప్పనక్కరలేదు.

ఇందుకు కోట్లు ఖర్చుకాని మార్గాలు ఉన్నాయి. స్థానికత లెక్క, ఫీజు వాపసు నిబంధన, అనుమతి ఉన్న కాలేజీల జాబితా తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి ప్రతి పంచాయతీ కార్యాలయంలో, ప్రతి ఉన్నత పాఠశాలలో అంటించవచ్చు. ఎనిమిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులకే ఈ లెక్క ఒకసారి చెప్పిస్తే సగం నష్టం తప్పుతుంది. కౌన్సెలింగు జరిగే రోజుల్లో ప్రతి మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ అధ్యాపకుడిని ఒకరిని కూర్చోబెట్టి, పిల్లలకు ఆప్షన్లు పెట్టడంలో సాయం చేయించవచ్చు. మండలికి ప్రణాళిక వేసే బాధ్యత చట్టమే ఇచ్చింది. ఏ మండలం నుంచి ఎందరు ఇంటర్ పాసై పై చదువుకు రాలేకపోతున్నారో లెక్కతీయడం కూడా ఆ ప్రణాళికలో భాగమే.

అంతవరకూ తల్లిదండ్రులు తమ జాగ్రత్తలో తాము ఉండక తప్పదు. సర్టిఫికెట్ల నకళ్ళు రెండు సెట్లు ఇంట్లో ఉంచుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలకు ముందే తెచ్చిపెట్టుకోవాలి. రసీదు లేని రూపాయి ఇవ్వకూడదు. దళారి మాట కంటే ఊరి హెడ్మాస్టరు మాట మేలు. విత్తనం కొనేటప్పుడు సంచి మీద ముద్ర చూడకుండా డబ్బు ఇవ్వని రైతు, బిడ్డను కాలేజీలో చేర్చేటప్పుడు కూడా ఆ ముద్ర అడిగి చూడాలి.